వెడల్పు తెరపై తెలుగు అక్షరం

డీటీపీ సెంటర్లలో ముందు పోయేది మానిటరే. సీపీయూ దుమ్ము దులిపి, ర్యామ్ తీసి మళ్లీ పెడితే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. మానిటర్ పోతే మాత్రం కొత్తది కొనాల్సిందే. కొత్తగా దొరికేవి దాదాపు అన్నీ వైడ్ స్క్రీన్లే. జంషెడ్‌పూర్‌లోని సాక్చి బజారు నుంచి తెచ్చి తగిలించాక తెర అయితే వెలుగుతుంది. శుభలేఖ ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు అడ్డంగా సాగిపోయి ఉంటుంది.

జంషెడ్‌పూర్‌లో టెల్కో ఫ్యాక్టరీని ఆనుకుని ఉన్న గోవింద్‌పూర్ లాంటి చోట ఇది చిన్న ఇబ్బంది కాదు. 1907లో పుట్టిన టాటా స్టీలు, 1945లో మొదలైన టెల్కో ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలను ఈ ఊరికి రప్పించాయి. వాళ్ల పిల్లలు బడిలో హిందీ చదివినా, పెళ్లిపిలుపు తెలుగులో ఉండాలనే పెద్దలు ఇంట్లో ఉంటారు. తెలుగు కంపోజింగ్ తెలిసినవాళ్లేమో వీధికొకరు దొరకరు. దొరికిన చోట ఉండేది విండోస్ ఎక్స్‌పీ, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ 7. 2001లో వచ్చిన ఆ పేజ్‌మేకరే చివరిది. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు యూనికోడ్‌లోకి ఉన్నపళంగా రాదు. అందుకే కంప్యూటరే మార్చేయమని చెప్పడం సలహా అనిపించుకోదు.

అక్షరం ఎంత సాగుతుందో లెక్క కట్టొచ్చు. 1024×768 బొమ్మను 1920×1080 తెర నిండా పరిస్తే అడ్డంగా 1.875 రెట్లు, నిలువుగా 1.406 రెట్లు పెరుగుతుంది. అంటే ప్రతి అక్షరమూ ఉండాల్సిన దానికన్నా మూడో వంతు ఎక్కువ వెడల్పు. ఇంగ్లీషులో నిలువు గీతలు ఎక్కువ కనుక కన్ను సర్దుకుపోతుంది. తెలుగులో అది కుదరదు. రకారం, ఠకారం, సున్నా అన్నీ గుండ్రం మీద నిలబడ్డవే; అవి కోలగా మారితే లిపి ముఖమే మారిపోతుంది. అసలు ప్రమాదం మరోటి ఉంది. తెరపై లావుగా కనిపిస్తోందని ఆపరేటర్ అక్షరాల వెడల్పును 80 శాతానికి తగ్గిస్తే, ప్రింటర్‌కు తెర సంగతి తెలియదు కాబట్టి కార్డుపై పేర్లు నొక్కేసినట్టు వస్తాయి. ఐదొందల కార్డులు అచ్చయ్యాక చేసేదేమీ ఉండదు.

చాలాసార్లు ఈ సాగుడుకు కారణం పాత యంత్రం చేతకానితనం కాదు, రెండు యంత్రాల మధ్య మాట అందకపోవడం. మానిటర్ లోపల 128 బైట్ల చిట్టా ఒకటుంటుంది. ఈడీఐడీ అనే ఈ ఏర్పాటు 1994 నుంచీ ఉంది. తెర కొలతలు, తట్టుకునే వేగాలు అందులో రాసి ఉంటాయి. వీజీఏ కేబుల్ కొనను దగ్గరగా చూస్తే మూడు వరుసల్లో పదిహేను పిన్నులకు చోటు కనిపిస్తుంది. వాటిలో 12, 15 ఆ చిట్టాను మోసేవి. చవక కేబుళ్లలో కొన్నింటికి ఆ తీగలే ఉండవు. అప్పుడు కంప్యూటర్‌కు ఎదుట ఏ మానిటర్ ఉందో తెలియదు, పాత లెక్కలే చూపిస్తుంది. డ్రైవర్ల జోలికి పోయే ముందు కేబుల్ మార్చి చూడాలి.

కేబుల్ బాగున్నా ఫలితం లేకపోతే చూపు గ్రాఫిక్స్ వైపు మళ్లాలి. ఇంటెల్ 845జీ, 865జీ కాలపు బోర్డుల్లో వీడియో బయాస్‌లో ఉండే రిజల్యూషన్ల పట్టిక చదరపు తెరల కాలానిది. ఆ బోర్డుకు చివరగా వచ్చిన డ్రైవర్ వేస్తే కొన్నింట వైడ్ కొలతలు కనిపిస్తాయి. లినక్స్ వాడేవాళ్లకు 915రిజల్యూషన్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. మెమరీలోని పట్టికను దిద్దేది కాబట్టి కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని నడపాల్సి వచ్చేది. 1366×768 మానిటర్లదైతే మరో చిక్కు: 1366ను ఎనిమిదితో భాగిస్తే శేషం మిగులుతుంది, పాత గ్రాఫిక్స్‌కు అది మింగుడుపడదు. అందుకే జాబితాలో 1360×768 కనిపిస్తుంది. ఆరు పిక్సెళ్ల తేడాతో అక్షరం ఏమీ చెడదు, నిశ్చింతగా వాడుకోవచ్చు.

తొందరపడి పెద్ద అంకె ఎంచుకుంటే తెర నల్లబడి ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అంటుంది. కంగారు అక్కర్లేదు. రీస్టార్ట్ చేసి ఎఫ్8 నొక్కి ‘ఎనేబుల్ వీజీఏ మోడ్’ ఎంచుకుంటే 640×480లో తెర తిరిగొస్తుంది. రిఫ్రెష్ రేటు కూడా చూసుకోవాలి. పాత డబ్బా మానిటర్‌కు పెట్టిన 85 హెర్ట్జ్ అలాగే ఉండిపోతే, దాన్ని 60కి దించాలి.

ఏదీ కుదరనప్పుడు మానిటర్ మెనూలో 4:3 ఉందేమో వెతకాలి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, డబ్బు పెట్టి కొన్న తెర వృథా అయిందనిపిస్తుంది. అక్షరం మాత్రం సరిగ్గా కనిపిస్తుంది. డీటీపీ పనికి కావాల్సింది అదే. సరిపోయిందో లేదో తేల్చేందుకు పేజ్‌మేకర్‌లో ఒక వృత్తం గీసి, స్కేలు తెరకు ఆనించి అడ్డం, నిలువు కొలిస్తే చాలు. తర్వాత తెల్ల పేజీని తెర నిండా తెరిచి మానిటర్‌పై ఆటో బటన్ నొక్కాలి. నల్లటి డెస్క్‌టాప్ మీద నొక్కితే మానిటర్‌కు అంచు ఎక్కడుందో అంతుచిక్కదు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. ఆనాటి డ్రైవర్లు వెతికినా దొరకడం కష్టమవుతోంది. దొరికిన డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో ఒకటి, సీడీలో ఒకటి దాచి, బోర్డు పేరు, కుదిరిన రిజల్యూషన్ కాగితంపై రాసి సీపీయూకు అంటిస్తే, హార్డ్‌డిస్క్ మార్చిన రోజు ఆ దుకాణంలో పని ఆగదు.