పేగు దాటిన పురుగు

ఏలికపాము ఉండేది చిన్నపేగులో. ఆడపురుగు అడుగు పొడవు దాకా పెరిగి, రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. కడుపులో అది ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. చోటు మారినప్పుడే ప్రమాదం. జ్వరం వచ్చినా, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చినా అది కదులుతుంది. దొరికిన సందులో తల దూరుస్తుంది.

పిల్లల్లో ఈ పురుగులు ఉండకట్టి పేగును మూసేయడం వైద్యులందరికీ తెలిసిందే. పిత్తనాళంలోకి దూరడం ఎక్కువగా పెద్దవాళ్లలో కనిపిస్తుంది. కశ్మీర్‌లో ఇది ఎంత మామూలో 1990లో వైద్యుడు ఖురూ బృందం లాన్సెట్ వైద్యపత్రికలో రాసింది. వారు చూసిన రోగులు 500 మంది. కుడి డొక్క పైన మెలిపెట్టే నొప్పి, వాంతులు, ఒక్కోసారి కామెర్లు. వాంతిలో పురుగు పడితే అనుమానం బలపడుతుంది. అల్ట్రాసౌండ్‌లో నాళం పొడవునా రెండు తెల్లని గీతలు సమాంతరంగా కనిపిస్తాయి. రాయి వెనక పడే నల్లని నీడ వీటి వెనక ఉండదు. పురుగు బతికే ఉంటే ఆ గీతలు మెలికలు తిరుగుతాయి.

నొప్పి తగ్గించి, సెలైన్ ఎక్కించి కనిపెట్టుకుని ఉంటే చాలావరకు అదే వెనక్కి వస్తుంది. రాకపోతే ఎండోస్కోపుతో, నాళం ముఖద్వారం బయట వేలాడే కొసను పట్టి మెల్లగా లాగుతారు. ఆ ద్వారాన్ని కోసి వెడల్పు చేయకపోవడమే మంచిది, చేస్తే ఇంకో పురుగుకు దారి సులువవుతుంది. లోపలే చచ్చిన పురుగు చుట్టూ రాళ్లు పేరుకుంటాయి.

ఇంతకన్నా భయపెట్టేది స్ట్రాంగిలాయిడిస్. కంటికి ఆనని ఈ పురుగు పిల్లలు పేగుగోడను తొలుచుకుని మళ్లీ అదే ఒంట్లో చేరతాయి. అందుకే ఒకసారి సోకితే దశాబ్దాలు నిలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఆగ్నేయాసియాలో బందీలైన సైనికుల్లో నలభై ఏళ్ల తర్వాతా బయటపడింది. ఆస్తమాకో కీళ్లవాతానికో స్టెరాయిడ్లు మొదలుపెడితే పురుగులు విపరీతంగా పెరిగి ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతాయి. వెంట పేగులోని బాక్టీరియానూ రక్తంలోకి మోసుకుపోతాయి. అప్పుడు కనబడేది సెప్సిస్, మెదడు పొరల వాపు. అసలు కారణం పురుగని తట్టక ప్రాణాలు పోతాయి. రక్తంలో అలెర్జీ కణాలు (ఇయోసినోఫిల్స్) పెరగలేదని ఈ అనుమానాన్ని కొట్టిపారేయడం పెద్ద పొరపాటు, ఈ దశలో అవి తరచూ పెరగవు.

నులిపురుగుల నివారణకు ఏటా ఫిబ్రవరి 10న మన బడుల్లో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఏలికపాముకు బాగా పనిచేస్తుంది. స్ట్రాంగిలాయిడిస్‌కు ఆ ఒక్క మాత్ర చాలదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. ఒక్క మలపరీక్షలో ఈ పురుగు దొరకకపోవచ్చు కనుక, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడబోయేవారికి, ముఖ్యంగా ఒట్టికాళ్లతో మట్టిలో పనిచేసినవారికి, ముందే యాంటీబాడీ రక్తపరీక్ష చేయించాలి.