వాలు తప్పుగా తెలిసినా దారి తప్పని లెక్క

గిన్నె ఆకారంలో ఉన్న ఒక ప్రమేయం తీసుకుందాం. ఒకటే చలరాశి. గిన్నె అడుగు సరిగ్గా సున్నా దగ్గర ఉంది. వాలు పట్టుకుని అక్కడికి దిగడమే పని. 1కి ఎడమవైపు అంతటా వాలు 25 వంతున మారుతుంది. 1 నుంచి 2 దాకా మెత్తబడి ఒక వంతునే మారుతుంది. 2 దాటాక మళ్లీ 25 వంతున. ఇంత తేలికైన లెక్కలో బాగా పేరున్న పద్ధతి ఒకటి, కొన్ని చోట్ల నుంచి మొదలుపెడితే, 0.65, మైనస్ 1.80, 2.12 అనే మూడు చోట్ల మధ్య తిరుగుతూ ఉండిపోతుంది. సున్నాకు ఎప్పటికీ చేరదు.

1964లో మాస్కో గణితవేత్త బోరిస్ పోల్యాక్ ప్రతిపాదించిన ‘బరువైన బంతి’ పద్ధతి అది. కిందటి కదలికలోని ఊపును కొంత మిగుల్చుకుని ముందుకు పోవడం దాని కిటుకు. ఈ గిన్నెకు ఆయన సూత్రం ప్రకారం వాలులో తొమ్మిదో వంతు వెనక్కి జరగాలి, కిందటి కదలికలో తొమ్మిదింట నాలుగు వంతులు కలుపుకోవాలి. 2.12 దగ్గర నిలబడి లెక్క వేసి చూడండి. అక్కడ వాలు 28.9. దాని తొమ్మిదో వంతు 3.21, అంత వెనక్కి రావాలి. కానీ మైనస్ 1.80 నుంచి ఇక్కడికి వచ్చిన ఊపు 1.74 ముందుకు తోస్తుంది. రెండూ కలిపితే 0.65కు చేరతాం. అక్కడి నుంచి మైనస్ 1.80కి, మళ్లీ 2.12కు. పోల్యాక్ సూత్రం వేగానికి పూర్తి హామీ ఉన్నది శుద్ధ వర్గ ప్రమేయాలకు. నడుమనున్న ఆ మెత్తని ముక్క ఒక్కటి చాలు, హామీ పోవడానికి. లారెంట్ లెస్సార్డ్, బెంజమిన్ రెక్ట్, ఆండ్రూ ప్యాకార్డ్ 2016లో ఈ ఉదాహరణ ప్రచురించారు.

ఈ రోజు మెషిన్ లెర్నింగ్ చాలావరకు వాలు పట్టుకుని దిగే పద్ధతుల మీదే నడుస్తోంది. ఎవరిని అడిగినా ఏది వేగంగా దిగుతుందో చెబుతారు. వాలు కొంచెం తప్పుగా అందితే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం వెనకబెంచీలోనే కూర్చుంటోంది. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే. 1847లో కోషీ ఈ పద్ధతిని మొదటిసారి రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఖగోళ గణనలు. అక్కడ వాలును సమీకరణం నుంచి నేరుగా రాబట్టవచ్చు. ఇప్పుడు మనకు అందే వాలు గుప్పెడు నమూనాల నుంచి తీసిన అంచనా, లేదా సెన్సార్ కొలత, లేదా పక్క యంత్రం కాసేపటి కిందట పంపిన పాత లెక్క.

దీనికి పనికొచ్చే ఆలోచన రష్యన్ సామ్రాజ్యంలో 1892లోనే పుట్టింది. సమీకరణాన్ని సాధించకుండానే చలనం స్థిరమో కాదో చెప్పవచ్చని లియాపునోవ్ చూపారు. ప్రతి అడుగుకూ తప్పకుండా తగ్గే రాశి ఒకటి దొరికితే చాలు. వాలులో తప్పులాంటి అలజడి ఉంటే ఆ రాశి సున్నా దాకా తగ్గదు, అలజడి పరిమాణాన్ని బట్టి ఒక స్థాయి దగ్గర ఆగుతుంది. 1989లో ఎడ్వర్డో సోంటాగ్ ఈ భావాన్ని కచ్చితమైన నిర్వచనంగా మార్చారు: అలజడి చిన్నదైతే దాని ఫలితం కూడా చిన్నదిగా ఉండాలి. వాలులో ఎప్పుడూ 0.01 తప్పు ఉందనుకోండి. గిన్నె వంపు (వాలు మారే వంతు) 1 అయితే దాని అడుగుకు 0.01 దూరంలో ఆగుతాం. వంపు 0.01 అయితే ఏకంగా 1 దూరంలో. బల్లపరుపు దిశల్లోనే ప్రమాదం ఎక్కువ.

ప్రతిసారీ యాదృచ్ఛికంగా మారే తప్పు, అంటే నాయిస్, సంగతి మరింత ఆసక్తికరం. వంపు 1 ఉన్న గిన్నెలో అడుగు పొడవు (వాలుకు ఎన్ని రెట్లు జరుగుతామన్నది) 2 కన్నా తక్కువ ఉంటే పద్ధతి స్థిరం అని పాఠ్యపుస్తకం చెబుతుంది. అది నిజమే. కానీ ప్రతిసారీ వాలులో విస్తృతి 1 ఉన్న నాయిస్ కలిస్తే? అడుగు పొడవు 0.1 పెట్టుకుంటే మన స్థానం విస్తృతి చివరికి 0.053 దగ్గర నిలుస్తుంది. 1 పెట్టుకుంటే 1. 1.9 పెట్టుకుంటే 19. పుస్తకం లెక్కలో ఈ మూడూ స్థిరమైనవే, మూడో దానితో మాత్రం ఏ పనీ జరగదు. ఇప్పుడు 0.1 అడుగుకే 0.9 వంతు ఊపు జోడించండి. విస్తృతి 0.053 నుంచి 0.51కి పెరుగుతుంది, అంటే దాదాపు పది రెట్లు. బల్లపరుపు దిశలో ఊపు తెచ్చిన వేగానికి మనం కట్టే మూల్యం ఇది. ఆ వేగం అవసరమైన చోట మూల్యం కట్టవచ్చు. కడుతున్నామని తెలియకుండా కట్టడమే నన్ను బాధపెడుతుంది.

నాయిస్‌ను పూర్తిగా అణచే దారిని 1951లో రాబిన్స్, మన్రో చూపారు. అడుగులు క్రమంగా చిన్నవి కావాలి. వాటి మొత్తం అనంతం కావాలి, లేకపోతే గమ్యం చేరకముందే ఆగిపోతాం. వాటి వర్గాల మొత్తం మాత్రం పరిమితంగా ఉండాలి, లేకపోతే నాయిస్ తగ్గదు. సిద్ధాంతం చక్కనిదే గానీ, అడుగులు ఏ వేగంతో తగ్గాలో సరిగ్గా కుదరకపోతే ఏళ్లు గడిచినా లెక్క కదలదు. దీనికి డేవిడ్ రూపర్ట్ 1988లో, పోల్యాక్, యుడిట్‌స్కీ 1992లో చెప్పిన మందు ఆశ్చర్యపరిచేంత సాదాసీదాగా ఉంటుంది: అడుగులు కొంచెం పెద్దవిగానే ఉంచి, నడిచిన చోట్లన్నిటి సగటు తీసుకోండి. విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో, ఇన్ని నమూనాలతో పక్షపాతం లేకుండా వేసే అంచనాలో విస్తృతి ఎంతకన్నా తగ్గదో ఒక హద్దు గీశారు. సంభావ్యత ప్రమేయానికి రుణ సంవర్గమానం తీసుకుని దాని వాలు మీద దిగుతున్నప్పుడు, నమూనాలు పెరిగేకొద్దీ ఈ సగటు ఆ హద్దునే చేరుకుంటుంది. ఒక కూడిక, ఒక భాగహారం చేసే పని ఇది!

ఆలస్యం ఇంకో రకం అలజడి. పెద్ద మోడళ్ల శిక్షణలో యంత్రాలు ఒకదాని కోసం ఒకటి ఆగకుండా పనిచేస్తే, చేతికి వచ్చే వాలు పాతబడి ఉంటుంది. వంపు 1 ఉన్న అదే గిన్నెలో వాలు ఒక అడుగు ఆలస్యమైతే అడుగు పొడవు హద్దు 2 నుంచి 1కి పడిపోతుంది. రెండడుగులైతే 0.62కు, పదడుగులైతే 0.15కు. నాయిస్ ఉంటే కనీసం లెక్క ఊగడం కనిపిస్తుంది. ఆలస్యం మాత్రం ఏ సూచనా లేకుండా హద్దును తగ్గిస్తుంది. నిన్నటిదాకా బాగా నడిచిన అడుగు పొడవే యంత్రాలు పెంచిన రోజున లెక్కను పేల్చేస్తుంది. అప్పుడప్పుడూ వచ్చే విపరీతమైన వాలులకు, ఒక పరిమితి దాటినవాటిని కత్తిరించడం పనిచేస్తుంది. 2013లో పాస్కాను, మికొలోవ్, బెంజియో దీన్ని రికరెంట్ నెట్‌వర్కులకు వాడి చూపారు. ఏదో ఒక యంత్రం పూర్తిగా తప్పుడు లెక్క పంపుతుంటే సగటుకు బదులు మధ్యగతం తీసుకోవడం మేలు.

వీటన్నిటినీ ఒకే చూపుతో చూడగలగడం లియాపునోవ్ నుంచి వస్తున్న ఈ నియంత్రణ సంప్రదాయానికి పెద్ద బలమని నేను నమ్ముతాను. 1944లో లూర్యే, పోస్ట్‌నికోవ్ స్వయంచాలక నియంత్రణ వ్యవస్థలను రెండు ముక్కలుగా విడదీశారు: పూర్తిగా తెలిసిన సరళ భాగం ఒకటి, హద్దులు మాత్రమే తెలిసిన వంకర భాగం ఒకటి. అల్గారిథమ్‌కూ ఇదే వర్తిస్తుంది. అడుగు, ఊపు మన చేతిలో ఉన్న సరళ భాగం. వాలు వంకర భాగం, వంపు 1కీ 25కీ మధ్య ఉంటుందని మాత్రమే తెలుసు. లెస్సార్డ్, రెక్ట్, ప్యాకార్డ్‌ల 2016 నాటి పత్రం ఈ విడదీత మీదే నిలబడి, ఒక చిన్న మాత్రిక అసమానతను కంప్యూటర్‌కు ఇచ్చి, ఏ వేగానికి హామీ ఇవ్వగలమో తేల్చింది. వాలులో ఇంత శాతం తప్పు ఉన్నా హామీ నిలుస్తుందా అన్నదీ అదే లెక్కలో అడగవచ్చు.

దాని తర్వాత 2018లో లెస్సార్డ్ బృందం ఒకే ఒక మీట ఉన్న పద్ధతి తయారుచేసింది. మీటను ఒక కొసకు తిప్పితే కోషీ నాటి నిదానమైన పద్ధతి వస్తుంది, తప్పులను బాగా ఓర్చుకుంటుంది. రెండో కొసకు తిప్పితే మెరుపు వేగం, కానీ తప్పులను అంతగా తట్టుకోదు. నడుమ ఎక్కడ ఆపాలన్నది వాలులో ఎంత నాయిస్ ఉందో కొలిచినవాళ్లు తేల్చుకోవాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో లియాపునోవ్ పేరు వినేది ఎలక్ట్రికల్ విద్యార్థులు, రోజూ మోడళ్లకు శిక్షణ ఇచ్చేది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు. ఒకరి పాఠం ఇంకొకరి తరగతిలో కనీసం ఒక వారం చెప్పించడానికి కొత్త ప్రయోగశాల అక్కర్లేదు. మొదట్లో చూసిన మూడు చోట్ల లెక్క వేయడానికి ఒక కాగితం చాలు.