దయకు పాత్రుడైన పాపి

అద్భుతకథలయందు మంచిచెడ్డల హద్దు స్పష్టముగా గీయబడి యుండుననియు, రాజకుమారుని చేత మాంత్రికుడు హతుడగుటతో రచయిత పని తీరిపోవుననియు తలచువారు పెక్కురు కలరు. కాని 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ గ్రంథము ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను శ్రద్ధతో చదివినవారు ఆ తలంపును నిలుపుకొనజాలరు. లోకమును చీకటిపాలు చేయగల ఉంగరమును అగ్నిపర్వత గర్భమున నశింపజేయుట అందలి ప్రధానకార్యము. అది తుదకు నెరవేరినది ఏ వీరుని భుజబలము చేతనో గాక, దొంగయు, హంతకుడును, విశ్వాసఘాతకుడును అగు గొల్లమ్ అను దీనజీవి మూలమున. మంచికిని చెడుకును నడుమ కొట్టుమిట్టాడు పాత్రను నిలుపుటయందు ఈ కథాసంప్రదాయము సాధించిన నేర్పునకు ఇంతకు మించిన ఉదాహరణమును నేనెరుగను.

గొల్లమ్ పుట్టుకతో రాక్షసుడు కాడు. వాని తొలిపేరు స్మీగల్. ఏటియొడ్డున వసించు ఒక చిన్నజాతివాడు. తన పుట్టినరోజున మిత్రుడు డీగల్‌కు నదిలో దొరకిన ఉంగరమును కానుకగా అడిగి, వాడు ఈయననగా గొంతు నులిమి చంపెను. పిమ్మట బంధువులచే వెళ్లగొట్టబడి, పర్వతగర్భమున పచ్చిచేపలు తినుచు, ఆ ఉంగరమే తోడుగా ఇంచుమించు అయిదువందల యేండ్లు గడపెను. ఈ చరిత్రమంతయు వాడు మనకు కనబడుటకు చాల ముందే గాండాల్ఫ్ అను మాంత్రికుని నోట వినబడును. ఉంగరమును నశింపజేయు భారము వహింపనున్న ఫ్రోడో అది విని, అట్టివానిని, పర్వతగర్భమున ఆ ఉంగరమును పొందిన తన బంధువు బిల్బో ఆనాడే చంపియుండవలసినదని విసుగుకొనగా, చంపక విడిచిన ఆ దయయే ముందు ఎందరి గతినో నిర్ణయింపవచ్చునని గాండాల్ఫ్ బదులు చెప్పును. విత్తనము ఇచట పడినది; మొలకెత్తుటకు మూడు సంపుటములు పట్టినది.

ఈ దయ వెనుక ఒక సాహిత్యచరిత్రము కలదు. 1937లో వెలువడిన టోల్కీన్ గ్రంథము ‘ది హాబిట్’ తొలిముద్రణములో గొల్లమ్ ఇంత క్రూరుడు కాడు. పొడుపుకథల పందెములో ఓడి, ఉంగరమునే బహుమానముగా ఇత్తునని వెదకి, అది అప్పటికే బిల్బోకు దొరకియుండుటచే కానరాకపోగా క్షమాపణ చెప్పుకొని, బిల్బోకు వెలుపలి దారి చూపును. తరువాతి బృహత్కథకు ఇది పొసగదని గ్రహించి, 1951 ముద్రణములో టోల్కీన్ ఆ అధ్యాయమును మార్చెను. అందు గొల్లమ్ పగతో దారికడ్డముగా కూర్చుండును. ఉంగరమహిమచే అదృశ్యుడైన బిల్బో చేతిలో కత్తి యున్నది. ఒక్క పోటుతో పని ముగియును. అయినను, వెలుతురును ఆశయును లేక ఆ చీకటిలో గొల్లమ్ గడపిన దినములన్నియు ఒక్క క్షణమున మనసున మెదలగా, బిల్బో వానిని పొడువక తల మీదుగా దుమికి పోవును. ఇక తొలి కథనము సంగతి యేమి? అది ఉంగరముపై తన హక్కును బలపరచుకొనుటకై బిల్బో పలికిన అబద్ధమని గ్రంథకర్త సమాధానపరచెను. మచ్చలేని మంచివానికిని ఆ ఉంగరపు నీడ సోకినదని చూపుటకు ఇంతకంటె మేలైన ఉపాయము దొరకదు.

పాత్రలోని ద్వైధీభావమును రచయిత వర్ణనతో సరిపుచ్చలేదు, చెవికి వినిపించినాడు. ఉంగరమును మోసికొనిపోవు ఫ్రోడోకును, ఆతని సేవకుడు శామ్‌నకును గొల్లమ్ దారి చూపుచున్న కాలమున ఒకనాడు, నిద్రనుండి మేలుకొన్న శామ్ కదలక వినుచుండగా, స్మీగల్ ఒక గొంతుతో ఫ్రోడోకు తాను చేసిన ప్రమాణమును తలచుకొనును. గొల్లమ్ మరియొక గొంతుతో ఉంగరమును కాజేయుమని బుజ్జగించును. మాట మారినప్పుడెల్ల కన్నులలోని కాంతియు మారును. ఫ్రోడో వానిని విడువక స్మీగల్ అనియే పిలుచును. ఉంగరమును మోయుచున్నవాడు గనుక, రేపటి తన రూపమును వానియందు చూచుకొనుచున్నాడు.

కిరిత్ ఉంగోల్ అను కనుమ మెట్లకడ జరిగిన ఘట్టము ఈ గ్రంథమునకంతటికిని ఆయువుపట్టని నా నమ్మకము. షీలాబ్ అను మహాసాలీడునకు ఫ్రోడో, శామ్‌లను అప్పగింప ఏర్పాటు చేసికొని గొల్లమ్ తిరిగి వచ్చును. ఫ్రోడో తల శామ్ ఒడిలో నున్నది. ఇరువురును గాఢనిద్రలో నున్నారు. చూచుచున్నకొలది వాని కన్నులలోని కాపట్యము కరగిపోవును. వణకుచున్న చేయి చాచి ఫ్రోడో మోకాలిని మెల్లగా తాకును. ఆ క్షణమున వాడు కాలము కాటునకు కృశించి, తనవారందరిని పోగొట్టుకొన్న ఒక వృద్ధుడు మాత్రమే. అంతలో ఫ్రోడో నిద్రలో కలవరించును. శామ్ మేలుకొని, యజమానిపై చేయి వేసినాడని తలచి కటువుగా కసరును. అంతే. వాని కన్నులలో పాత కాంతి మరల వెలిగెను. శామ్ పిదప నొచ్చుకొన్నను ఆ క్షణము తిరిగి రాలేదు.

కొడుకును పిలుచునెపమున నోట వచ్చిన నారాయణ శబ్దముచే అజామిళుడు యమభటులనుండి విడివడి, పశ్చాత్తప్తుడై గంగాద్వారమునకు పోయి తరించిన కథను ఏర్చూరి సింగన ఆంధ్రభాగవత షష్ఠస్కంధమున చదివినవారము మనము. అచట అనాలోచితముగా వెడలిన ఒక్క మాట పాపిని గట్టెక్కించినది. ఇచట అనాలోచితముగా వెడలిన ఒక్క మాట పాపిని మరల ముంచినది. విష్ణుదూతలు దిగివచ్చుటకు ఈ కథలో తావు లేదు. తోడివారి చేతిమీదుగా రావలసినదే దయ. మంచివాడైన శామ్, ప్రేమవలననే, ఆ ద్వారమును మూసివైచినాడు. గొల్లమ్ పశ్చాత్తాపము ఆ విధముగా తప్పిపోవుట తనను మిక్కిలి బాధించినదని టోల్కీన్ ఒక లేఖలో వ్రాసికొనెను.

ఉంగరపు ఆశకు లోబడిన మరియొకడు, ఫ్రోడో తోడి యాత్రికుడగు బొరొమిర్; వాని కథ ఇంతకంటె సరళమైనది. ఉంగరమును బలిమిని లాగికొనబోయి, వెంటనే సిగ్గుపడి, ఇరువురు చిన్నవారిని కాపాడుచు బాణముల పాలై, తోడి యాత్రికుడగు ఆరగార్న్ ఎదుట తన తప్పు నొప్పుకొని ప్రాణము విడుచును. దానికి విరుద్ధముగా, సారుమాన్ అను మాంత్రికుడు తనకు చూపబడిన క్షమను పలుమారులు త్రోసిపుచ్చి నశించును.

అగ్నిపర్వతపు వాలులో గొల్లమ్ మరల శామ్ కత్తికి చిక్కును. కొలదికాలమైనను ఉంగరమును తాను మోసియుండుట చేత, వాని బాధ ఎట్టిదో శామ్‌నకు ఇప్పుడు లేశమాత్రమైనను తెలియును, చంపలేక పొమ్మనును. లోపల అగ్నిముఖమున ఫ్రోడో ఓడిపోవును. ఉంగరము నాదని ప్రకటించి వ్రేలికి తొడుగుకొనును. గొల్లమ్ ఆ వ్రేలిని కొరికి, ఉంగరముతో ఆనందతాండవము చేయుచు కాలు జారి అగ్నిలో పడును. వానియందు పశ్చాత్తాపము లేదు, త్యాగబుద్ధి లేదు. అయినను బిల్బో, ఫ్రోడో, శామ్‌లు వేరువేరు వేళల వానిని బ్రతుకనిచ్చి యుండనిచో లోకము దక్కెడిది కాదు. గొల్లమ్ తరించెనా లేదా అని గ్రంథకర్త తీర్పు చెప్పలేదు. కార్యము తీరిన పిదప ఫ్రోడో, వాడు లేనిదే ఉంగరమును నాశనము చేయుట తన వలన కాకపోయెడిదని ఒప్పుకొని, వానిని క్షమింతమని శామ్‌తో పలికెను.