పాట ఎవరిది? రికార్డు ఎవరిది?

నీనా సిమోన్ గొంతులోని ఆర్తిని పొగిడేవాళ్ళు ఆమె కాంట్రాక్టు కాగితం జోలికి పోరు. మేము అక్కణ్ణుంచే మొదలుపెడతాం. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1933లో పుట్టిన ఈ నల్లజాతి స్త్రీ శాస్త్రీయ పియానిస్టు కావాలనుకుంది. 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత సంస్థ సీటివ్వలేదు. తన రంగే కారణమని ఆమె నమ్మింది. పొట్టకూటికి బార్లో వాయిస్తూ పాటకొచ్చింది.

1959లో బెత్లెహేమ్ కంపెనీ విడుదల చేసిన తొలి ఆల్బం హక్కులు సుమారు 3,000 డాలర్లకే ఆమె చేయి దాటిపోయాయి. అందులోని ఒక పాట 1987లో సెంటు ప్రకటనకెక్కి బ్రిటన్‌లో మార్మోగింది. అదే ఆల్బంలోని 'లవ్ మీ ఆర్ లీవ్ మీ' మధ్యలో బాఖ్ పద్ధతిలో పియానో నడుస్తుంది. 'మెరిట్ లేదు' అనేవాళ్ళు అది వినాలి.

1963లో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లజాతి బాలికలు చనిపోయారు. 1964 నాటి 'మిసిసిపీ గాడ్డామ్'లో ఆ కోపాన్ని ఆమె హుషారైన నాటకపు బాణీలో పెట్టింది. నవ్వుతూ వినడానికొచ్చినోళ్ళకు నవ్వు మిగల్చలేదు. దాన్ని కేవలం 'ఆర్తి' అంటే రాజకీయాన్ని దాచడమే.

1972లో దళిత పాంథర్లు నల్లజాతి ఉద్యమం నుంచి పేరు తెచ్చుకున్నారు. ఈ ప్రశ్న కూడా మనం తెచ్చుకోవాలి: మన గాయకుల పాట రికార్డుకెక్కినప్పుడు హక్కు ఎవరి పేరున రాస్తున్నారు?