కంచు పలకల మీది ప్రకృతి

ప్రకృతి వర్ణనను రచన నుంచి విడదీసి చూడటం మన విమర్శకు పాత అలవాటు. అష్టాదశ వర్ణనలు లెక్కపెట్టిన ఆలంకారికుల దగ్గర్నుంచి, ఫలానా కవి చెట్టూ చేమా ఏరి వ్యాసం రాయమనే ప్రశ్నపత్రం దాకా ఇదే వరస. ఆ అలవాటు రూపం కట్టి ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని షేక్‌స్పియర్ తోటలో చూశాను.

నాలుగెకరాల తోట. షేక్‌స్పియర్ చనిపోయి మూడువందల ఏళ్ళయిన సందర్భంగా 1916లో ఆయన పేరు పెట్టారు. గుట్ట వాలు మీద మెలికలు తిరిగే రాతి బాట, దాని పక్కన ఆయన నాటకాల్లో, పద్యాల్లో పేరు వచ్చిన మొక్కలు. అక్కడక్కడా కంచు పలకలు, వాటి మీద ఆయన పంక్తులు. తోట అందంగా ఉంది, కాదనను. మహానగరం నడిబొడ్డున, డబ్బు అడగకుండా ఎవరినైనా కూర్చోనిచ్చే చోటు కవి పేరు మీద ఉండటం చిన్న సంగతి కాదు. (మన నగరాల్లో కవులకు విగ్రహాలు దక్కాయి గాని నీడ దక్కలేదు.) నా పేచీ పలకలతోనే.

పలకలో పంక్తి పడుతుంది. ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ అవస్థలో అన్నారో పట్టదు. ఇలాంటి తోటల్లో సామాన్యంగా పెంచే రోజ్‌మేరీనే తీసుకోండి. ‘హామ్లెట్’లో తండ్రి చావుతో మతి చెదిరిన ఒఫీలియా రాజు, రాణి ఎదుట రోజ్‌మేరీ, సదాపాకు పంచిపెడుతుంది. నోరు తెరిచి అనలేని నిందను ఆకుల పేర్లతో అంటుంది. ఆ కొలువు లేకపోతే అది వంటింటి ఆకు. ‘యాజ్ యు లైక్ ఇట్’లోని ఆర్డెన్ అడవిని మనం పచ్చదనానికీ ప్రేమకూ ఆటపట్టుగా చదువుతాం. కాని ఆకలితో, అలసటతో అక్కడికి చేరిన ఆడపిల్లలకు కోరిన్ అనే గొర్రెలకాపరి ఏం చెబుతాడు? తాను మేపే గొర్రెల ఉన్ని తనది కాదంటాడు. యజమాని ఒకరికి పెట్టే మనిషి కాదంటాడు. గుడిసె, మంద, మేత భూమి అమ్మకానికి ఉన్నాయంటాడు. వాటిని కొనుక్కున్నాకే వాళ్ళకు ఆ అడవిలో నిలవనీడ దొరుకుతుంది. ‘రెండవ రిచర్డ్’లో తోటమాలులు కలుపు గురించి, కొమ్మలు కత్తిరించటం గురించి మాట్లాడుకుంటూనే రాజ్యాన్ని పాడుచేసిన రాజు మీద తీర్పు చెబుతారు. షేక్‌స్పియర్ ప్రకృతిలో యజమాని ఉన్నాడు, కూలివాడున్నాడు, బేరం ఉంది. పలక దాకా వచ్చేసరికి పువ్వొక్కటే మిగిలింది.

ఆయన జీవితంలోనూ ఆ బేరం ఉంది. 1614లో సొంత ఊరు స్ట్రాట్‌ఫర్డ్ పక్కన వెల్కమ్ అనే చోట ఉమ్మడి పొలాలకు కంచెలు వెయ్యాలని భూస్వాములు పూనుకున్నారు. ఆ ప్రాంతపు పంటలో పదోవంతు రాబడి మీద షేక్‌స్పియర్ కొనుక్కున్న హక్కు ఉంది. కంచెల వల్ల తనకొచ్చే నష్టం పూడ్చేట్టు ఆ అక్టోబరులో ఒప్పందం రాయించుకున్నాడు. కంచెలను బహిరంగంగా ఎదిరించినట్టు మాత్రం దాఖలా లేదు. 1615 జనవరిలో కందకాలు పూడ్చింది ఊరి ఆడవాళ్ళు, పిల్లలు. ఎడ్వర్డ్ బాండ్ నాటకం ‘బింగో’ (1973) ఈ ఘట్టం మీదే నడుస్తుంది. కోరిన్‌ను సృష్టించినవాడు ఆ ఒప్పందం ఎలా చేసుకున్నాడని ఆశ్చర్యపోనక్కర్లేదు. రచయిత సానుభూతులను దాటి కూడా వాస్తవం రచనలోకి వస్తుందని బాల్జాక్ విషయంలో ఎంగెల్స్ 1888లోనే గుర్తించాడు. కోరిన్ ఆ దారినే వచ్చాడు. అతన్ని వదిలి పువ్వును ఏరుకుంటే మనకు దక్కేది షేక్‌స్పియర్‌లో తక్కువ పాలే.

తోట ఉన్న పార్కుకూ కంచె కథే ఉంది. అక్కడికి ఉత్తరంగా కొద్ది దూరంలో, 82వ వీధికీ 89వ వీధికీ మధ్య, సెనెకా విలేజ్ అనే ఊరుండేది. 1825 నుంచి నల్లజాతివారు స్థలాలు కొనుక్కుని ఇళ్ళు, చర్చిలు, బడి కట్టుకున్నారు. 250 డాలర్ల ఆస్తి ఉంటేనే ఆ రాష్ట్రంలో నల్లజాతి మగవాడికి ఓటుండేది. కాబట్టి వాళ్ళకు నేలంటే ఓటు కూడా. 1855 నాటికి అక్కడ సుమారు 225 మంది ఉన్నారు, వారిలో ఐరిష్ వలసజనమూ ఉన్నారు. పార్కు కోసం 1857 నాటికి అందరినీ ఖాళీ చేయించారు. ఆ తర్వాత బండలు పేల్చి, చెరువులు తవ్వి, మట్టి తోలి కూలీలు చేసిన పనినే ఇవాళ జనం ప్రకృతి అనుకుని చూస్తున్నారు. 2011లో పురావస్తు పరిశోధకులు తవ్వితే ఒక ఇంటి పునాది గోడలు, ఇనుప టీ కెటిల్, ఒక చిన్న చెప్పు బయటపడ్డాయి.

మన దగ్గర పలకలు లేవు, పాఠ్యపుస్తకాలున్నాయి. ‘ఆముక్తమాల్యద’ వర్షర్తువును మేఘాల కోసం, మెరుపుల కోసం చదువుతాం. తడికట్టెలతో పొయ్యి రాజెయ్యలేక అవస్థపడే ఇల్లాలు కూడా ఆ వర్ణనలోనే ఉంది, రాసినవాడు చక్రవర్తి అయినా సరే. వానాకాలం పాఠం చెప్పేటప్పుడు ఆ ఇల్లాలి పద్యం కూడా చదివించమని అధ్యాపక మిత్రులను కోరుతున్నాను. పాఠ్యభాగంలో లేకపోతే నల్లబల్ల మీద రాయవచ్చు.