గేయచిత్రణమున కెమేరా పురుష

సినిమాపాటను గూర్చి మన విశ్వవిద్యాలయములందు జరుగు పరిశోధనము నేటికిని ప్రధానముగా సాహిత్యపరమైనదే. పరిశోధకుడు పాటల మాటలను సేకరించును. అందలి అలంకారములను, నడకలను, జాతీయములను, రసభావములను వివరించి కవి ప్రతిభను నిర్ణయించును. ఈ మార్గము నింద్యము కాదు. కాని సినిమాపాట పుస్తకమున చదువబడుటకై పుట్టినది కాదు. అది వినబడును, కనబడును. కనబడు భాగమును విడిచి దానిని విమర్శించుట, పదాభినయమును చూడక పదమును మాత్రమే చదివి నర్తకి శక్తిని నిర్ణయించుట వంటిది.

కావున ఈ వ్యాసమున మేము పాటను చిత్రించుటయందలి కెమేరా పద్ధతులను పరిశీలింపదలచితిమి. కథతో సంబంధము లేక పాటకొరకే తీయబడు మ్యూజిక్ వీడియోలును ఈ పరిధిలోనివే. ఉదాహరణములను అధికముగా గోదావరీ తీరమునుండి గ్రహించితిమి. పడవ, ఏటిగట్టు, కొబ్బరితోట అను మూడును తెలుగు పాటకు చిరకాలముగా అలవాటైన దృశ్యములు. నేడు మలికిపురము మొదలగు కోనసీమ గ్రామములందు సొంతముగా పాటలు తీయు యువకులకు అవియే చేతికందు దూరమున లభించుచున్నవి. లభించినదానిని వారెట్లు వాడుకొనుచున్నారను ప్రశ్నయే ఈ విచారమునకు మూలము.

వ్యాకరణమున క్రియకు పురుష కలదు. “వచ్చితిని” అన్నచో చెప్పువాడును, “వచ్చితివి” అన్నచో వినువాడును, “వచ్చెను” అన్నచో అన్యుడును కర్తలగుదురు. కెమేరాకును పురుష కలదని మా అభిప్రాయము. పాడువాని కంటితో లోకమును చూపినపుడు అది ఉత్తమపురుష. ఎవరిని సంబోధించి పాట సాగుచున్నదో వారి స్థానమున నిలిచి పాడువానిని చూచినపుడు మధ్యమపురుష. ఇరువురకును వెలుపల నిలిచి చూచినపుడు ప్రథమపురుష. పాట యొక్క పురుషతో కెమేరా పురుష అన్వయించుచున్నదా? అన్వయింపనిచో ఆ భేదమువలన ప్రయోజనమేమైన కలదా? క్షేమేంద్రుడు 11వ శతాబ్దమున ఔచిత్యవిచారచర్చయందు క్రియ, లింగము, వచనము వంటి చిన్న స్థానములందు సైతము ఔచిత్యమును పరీక్షించెను. ఆ పరీక్షనే మేమిచట కెమేరాకు వర్తింపజేయుచున్నాము.

మొదట యంత్రధర్మమును కొంత తెలిసికొనవలెను. 1932లో విడుదలయైన ‘భక్తప్రహ్లాద’తో తెలుగు టాకీ ఆరంభమైనది. తొలి టాకీలలో నటులే కెమేరా ముందు పాడుచుండిరి. పాటను, చిత్రమును ఏకకాలమున పట్టవలసియుండుటచే, కెమేరా చప్పుడు మైకునకు వినబడకుండ దానిని కప్పి యుంచవలసివచ్చెను. యథేచ్ఛగా కదలుటకు వీలులేని ఆ కెమేరా, నాటకశాలలో ముందువరుస ప్రేక్షకునివలె, పాటను ప్రథమపురుషలోనే చూచెను. ప్లేబ్యాక్ పద్ధతి స్థిరపడిన తరువాత ఈ బంధనము వీడినది. పాట ముందుగా రికార్డు చేయబడును. చిత్రీకరణవేళ దానిని వినిపింపగా నటులు పెదవులు కలుపుదురు. పల్లవిని ఒకచోట, చరణమును వేరొకచోట తీయవచ్చును.

దీనినుండి పుట్టిన యుక్తులలో ఒకటి గమనింపదగినది. క్షణమునకు 24 చిత్రములకు బదులు 48 చిత్రములు పట్టి, పాటను రెట్టింపు వేగముతో వినిపించి నటులచే పెదవులు కలిపింతురు. తెరపై క్షణమునకు 24 చొప్పున చూపునపుడు దేహము, వస్త్రము, నీటి తుంపర మందగతిని కదలును; పెదవులు మాత్రము పాటతో సరిగా కలియును. లోకమంతయు నిదానించినను పాట నిదానింపదు. ఇది పాడువాని మనఃస్థితిని చూపు ఉత్తమపురుష ప్రయోగము. తలపులో మునిగిన పాత్రకు ఇది తగును. ప్రతి చరణమునను వాడినచో అర్థము కోల్పోయి అలవాటు మాత్రమే యగును.

పాటకును కెమేరాకును గల అన్వయమునకు 1957లో వెలువడిన ‘మాయాబజార్’ మేలిమి లక్ష్యము. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. అందలి పడవపాటలో వెన్నెలను విమర్శకులందరును ప్రశంసించిరి. మాకు అంతకంటె ముఖ్యముగా తోచునది పల్లవి నిర్వాహము. అభిమన్యు శశిరేఖలతో ఆరంభమైన విహారము రుక్మిణీ కృష్ణులకును, పిదప రేవతీ బలరాములకును సంక్రమించును. పడవ యొకటే, రాగమొకటే, వెన్నెల యొకటే. జంటలు మూడు, వయస్సులు మూడు. పదాభినయమున నర్తకి ఒకే పల్లవిని మరల మరల పాడించుకొని ప్రతిసారియు నూతన సంచారిని చూపును. ఇచట చిత్రము ఆ పనినే చేసినది. పల్లవి తిరిగివచ్చినపుడు దృశ్యమునందును నూతనార్థము తిరిగిరావలెను అను నియమమును మేమీ పాటనుండియే గ్రహించుచున్నాము.

అదే చిత్రమున ప్రియదర్శిని పేటికను ఆశ్రయించిన యుగళగీతము మధ్యమపురుషకు లక్ష్యము. ప్రేయసీప్రియులు వేర్వేరు చోట్ల నున్నారు. పేటిక తెరచిన శశిరేఖకు అందు అభిమన్యుడు కనబడును. తెరలో మరియొక తెర. ప్రేక్షకుడు శశిరేఖను చూచును, శశిరేఖ చూచినదానిని చూచును. “నీవు” అని పాట సంబోధించుచుండగా ఆ “నీవు” కనులముందు నిలుచును. పాట పురుషయు కెమేరా పురుషయు ఇంత నిర్దుష్టముగా కలిసిన లక్ష్యములు అరుదు.

పై పడవ మాయాలోకపు పడవ. నిజమైన గోదావరిపై సాగిన పడవను చూపినది 1964 నాటి ‘మూగమనసులు’. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు, ఛాయాగ్రాహకుడు పి.ఎల్. రాయ్. పడవ నడుపు గోపి, జమీందారు కూతురు రాధ ఒకే పడవలో నుందురు. వారి నడుమ దూరము కొన్ని మూరలే, కాని అంతస్తుల దూరము దాటరానిది. పడవపై నిలిపిన కెమేరా ఆ దూరమును దాటదు, మరచిపోనీయదు. ఒడ్డు వెనుకకు జరుగును, పడవలోని వారు మాత్రము ఉన్నచోటనే యుందురు. ఇది యంత్రమునకు నది ప్రసాదించిన సహజమైన ట్రాలీ.

ఇచట ట్రాలీకిని జూమునకును గల భేదము చెప్పుట అవసరము. జూమువలన దూరపు ముఖము పెద్దదగును, కాని కెమేరా కదలదు. దగ్గరి వస్తువులకును దూరపు వస్తువులకును గల పొందిక మారదు. ట్రాలీపై కెమేరా సాగినపుడు దగ్గరి కొబ్బరిమ్రాను వేగముగా ప్రక్కకు తొలగును, దూరపు మ్రాను మెల్లగా తొలగును. మొదటిది చూపు నిలుపుట, రెండవది నడచుట. తోటలో నడచుచు పాడువాని పాటకు జూము తగదు. 1967లో బాపు ‘సాక్షి’ని పులిదిండి గ్రామమున తీసెను. స్టూడియో విడిచి ఊరికి వచ్చుటవలన కలిగిన లాభము నిజమైన గోడలు, చెట్లు మాత్రమే కాదు. ఊరివాడు నడచు ఎత్తున, ఊరివాడు నిలుచు దూరమున కెమేరాను నిలుపు అవకాశము.

ప్రథమపురుష సర్వదా త్యాజ్యమని దీని తాత్పర్యము కాదు. నృత్యప్రధానమైన పాటకు అదియే శరణ్యము. హాలీవుడ్ నర్తకుడు ఫ్రెడ్ ఆస్టేర్ తన నృత్యమును తలనుండి పాదమువరకు చూపవలెననియు, ఖండములు తక్కువగా నుండవలెననియు పట్టుపట్టెను. పాదమును ఖండించినచో తాళము ఖండింపబడును. 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మారీన్‌స్కీ భవనము ముందు చిత్రింపబడి, 2023లో ఆస్కారు బహుమానమందిన ‘ఆర్.ఆర్.ఆర్.’ పాటయందును ఇరువురు నర్తకుల పాదములు ఒకే చట్రమున కలిసి కనబడినపుడే ప్రేక్షకుడు ఆ మైత్రిని విశ్వసించును. ఛాయాగ్రాహకుడు కె.కె. సెంథిల్‌కుమార్ ఆ పొందికను చెడనీయలేదు. ‘సాగరసంగమము’ (1983)న బాలుని ఛాయాచిత్రములు తీయు బాలుడు కలడు. నర్తకుడెంత శ్రమించినను పిల్లవాని చేతిలోని కెమేరా ఆ భంగిమలను పట్టజాలదు. హాస్యముగా కనబడు ఈ ఘట్టము కెమేరాను గూర్చిన గంభీర విమర్శయే: చూచువానికి ఎరుక లేనిచో నృత్యమున్నను లేనట్లే.

ఇక వర్తమానమునకు వత్తము. పాట కథనుండి విడివడుట క్రమముగా జరిగినది. అమెరికాలో ఎమ్.టి.వి. 1981 ఆగస్టు 1న ఆరంభమైనది. మన ఇండ్లలో దూరదర్శన్ వారి ‘చిత్రలహరి’ పాటను సినిమానుండి విడదీసి చూచు అలవాటు చేసినది. నేడు పాటకొరకే పాట పుట్టుచున్నది. కథ లేనిచో “ఎవరు, ఎవరితో, ఎచట” అను ప్రశ్నలకు పాటయే, దానితోపాటు కెమేరాయే, సమాధానము చెప్పవలెను. కావున పురుషాన్వయము ఇచట మరింత ఆవశ్యకము.

అయినను కోనసీమలో తీయబడు పాటలందును, వివాహమునకు పూర్వము జంటలు తీయించుకొను చిత్రములందును తరచుగా మొదట కనబడునది డ్రోను దృశ్యము. 2021 ఆగస్టులో డ్రోను నియమములు సరళీకృతమైన పిదప ఇది మరింత సుకరమైనది. ఆకాశమునుండి కొబ్బరితలలు, వాటి నడుమ కాలువ, దిండి వద్ద వాసిష్ఠ, చించినాడ వంతెన. చూచుటకు సొంపుగానే యుండును. కాని ఇది ఎవరి చూపు? మలికిపురము ప్రాంతము వాసిష్ఠ వైనతేయ పాయల నడుమ నున్న సమతలభూమి. కొండలు లేవు; చూపునకు తోటలు అడ్డుపడును; ఏటిగట్టు ఎక్కిననే దూరము కానవచ్చును. ఇచటివాని దృశ్యానుభవము దగ్గరి వస్తువులది: కాలువగట్టు, తోటలోని కాలిబాట, సఖినేటిపల్లి రేవున పంటుపై నిలిచి చూచిన ఆవలి యొడ్డు. “నేను” అని పాడువాని పల్లవిపై, ఆ “నేను” ఎన్నడును చూడని దృశ్యమును నిలుపుట స్పష్టమైన అనన్వయము. అందు కనబడునది యాత్రికునికి అమ్మదగిన కోనసీమ. పాడువాని ఊరు కాదు.

దీనికి పూర్వపక్షము కలదు. సౌందర్యము స్వయముగా ప్రయోజనము కాదా? స్వల్పధనముతో పాట తీయు యువకునికి ఇంత వ్యాకరణమెందులకు? సమాధానము సులభము. మేము చెప్పు అన్వయమునకు ధనము అక్కరలేదు. చేతిలోని ఫోనును పాడువాని కంటి ఎత్తున నిలుపుటకు, పడవలో కూర్చుండి తీయుటకు, వ్యయము డ్రోనుకంటె తక్కువయే. డ్రోనును మేము బహిష్కరించుటయు లేదు. 1996 నవంబరు తుపానున కోనసీమ కొబ్బరితోటలు విస్తారముగా కూలెను. 2022 జూలై వరదలో లంకగ్రామములు నీట చిక్కెను. అట్టి విపత్తును గూర్చిన పాటలో “నేను” అను గొంతు “మా ఊరు” అను గొంతుగా మారు చరణమున కెమేరా ఆకాశమునకు లేచినచో ఆ పురుషభేదము సార్థకము. ఒక్కని దుఃఖము ఊరి దుఃఖమైనదని కెమేరా చెప్పును. పల్లవిలోనే వ్యయమైపోయిన డ్రోనునకు ఆ శక్తి మిగులదు.

కావున సినిమాపాటలపై పరిశోధించు విద్యార్థులకు మా సూచన ఇది. పాట పాఠమునకు ప్రక్కగా దృశ్యపాఠమును వ్రాసికొనవలెను. పల్లవి ఎన్నిసార్లు వచ్చినది, ప్రతిసారి కెమేరా ఎవరి స్థానమున నిలిచినది, కదలినది తానా, జూమా, పడవయా, పాదము చట్రమున నున్నదా అను అంశములను గుర్తింపవలెను. అప్పుడే కవి మాటకు ఛాయాగ్రాహకుడు చేర్చిన అర్థమెంతయో, తీసివేసిన అర్థమెంతయో తేలును. మాయాబజార్ పడవకును, నేటి డ్రోనుకును నడుమ యంత్రశక్తి ఎంతో పెరిగినది. పాడువాడెవడో తెలిసి నిలుపవలసిన బాధ్యత మాత్రము కెమేరాకు అప్పటివలెనే మిగిలియున్నది.