చెవితో చేసే వేట

మొదటి మెటల్ డిటెక్టర్ కొనేవాళ్లు తెర మీది అంకెలనూ మీటలనూ చూసి మురిసిపోతారు. నిజానికి చూడాల్సింది శబ్దం ఎంత స్పష్టంగా వినిపిస్తుందో, చెయ్యి లాగకుండా ఎంతసేపు ఊపగలమో. ఈ పనిలో నేర్పంతా చెవిదే. డిటెక్టర్ కింది కాయిల్ (తీగ చుట్ట) అయస్కాంత క్షేత్రం లోహంలో విద్యుత్తు పుట్టిస్తుంది. తిరిగొచ్చే సంకేతాన్ని యంత్రం అంకెగా చూపిస్తుంది. పెద్ద వెండి నాణేనికి పెద్ద అంకె, ఇనుప మేకుకు చిన్నది. కానీ సన్నటి బంగారు ఉంగరమూ నలిగిన అల్యూమినియం రేకూ తరచు ఒకే అంకె దగ్గర తేలతాయి. చెత్త వద్దని ఆ అంకెను మూసేస్తే బంగారమూ పోతుంది. అక్కడే మనిషి పనితనం మొదలవుతుంది. కాయిల్‌ను ఓసారి అడ్డంగా, ఓసారి నిలువుగా ఆడిస్తాడు. శబ్దం నిలకడగా ఉందా, చిట్లుతోందా అని వింటాడు. అనుమానం తీరకపోతే ఓపిగ్గా తవ్వుతాడు. ఆ ఓపిక ఎంతో మెచ్చదగ్గది.

ఖరీదైన యంత్రమైతే లోతుకు పోతుంది కదా అంటారు. ఆస్ట్రేలియా బంగారు భూముల్లో, ఇనుము నిండిన ఎర్రమట్టి మీద పల్స్ ఇండక్షన్ రకం ఖరీదైన యంత్రం గొప్పదే. చెత్త నిండిన పొలంలో నాణేలు వెతికే కొత్తవాడి చేత మాత్రం అది మేకులే తవ్విస్తుంది. 2009లో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ పొలంలో ఆంగ్లో-శాక్సన్ బంగారు నిధిని పట్టిచ్చింది ఓ పాత డిటెక్టరే. ఈ వేట చరిత్రను చెడగొట్టే సరదా అన్న ఆక్షేపణ మాత్రం బలమైనది. దొరికిన చోటు చెరిగిపోతే వస్తువు సగం మూగబోతుంది. అందుకే పొలం యజమాని అనుమతి అడిగి, చోటు రాసుకుని, గుంట పూడ్చేవాడికే నా మెప్పు. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాల్సిందే.